టెనర్ యుకులేలీ మంచిచెడ్డలు

ఒక వాద్యము మంచిదా, కాదా అని ఎవరైన అడిగినచో “చెవికి ఇంపుగా ఉన్నచో మంచిదే” అని చెప్పి ఊరకుండవచ్చును. ఈ సమాధానము తప్పు కాదు గాని, చాలదు. అంగడిలో పది నిమిషములు ఇంపుగా పలికిన వాద్యము ఇంటికి వచ్చిన తరువాత పై మెట్లమీద శ్రుతి తప్పవచ్చును. నాదము బాగుండియు, తీగలు నొక్కుటకు వ్రేళ్ళు నొప్పిపుట్టి, నేర్చుకొనువాడు నెల తిరుగకుండగనే దానిని అటక మీదికి ఎక్కించవచ్చును. అతడు తనకు సంగీతము అబ్బలేదని అనుకొనును. నిజమునకు లోపము అతనిది కాదు. మేరువు ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉండుటయే కారణము కావచ్చును.

కాబట్టి వాద్యమును పరీక్షించుటకు చెవితోపాటు కొంత భౌతికశాస్త్రము కూడ కావలెను. ఆ శాస్త్రము ఉన్నత పాఠశాలలో చదివినదే. నాలుగు తీగలు మాత్రమే కలిగి, చంకలో ఇమిడిపోవు యుకులేలీ ఇట్టి పరీక్షకు మిక్కిలి అనువైన వాద్యము. ఇందులో టెనర్ అను రకమును తీసికొని, దాని నాదమును, వాయించుటలోని సౌలభ్యమును ఎట్లు పరిశీలింపవలెనో ఈ వ్యాసమున తెలిసికొందము.

వాద్యము పుట్టుక

యుకులేలీ పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి దీవులలో పుట్టినది. కాని దాని పూర్వులు పోర్చుగీసువారు. అట్లాంటిక్ సముద్రములోని మదీరా దీవి నుండి 1879 ఆగస్టులో రావెన్‌స్క్రాగ్ అను ఓడ హొనొలులు రేవునకు చేరినది. అందు వచ్చినవారు చెరకు తోటలలో పని చేయుటకు ఒప్పుకొన్న కూలివారు. మన తెలుగు కూలీలు మారిషస్, నేటాల్ చెరకు తోటలకు వలసపోయిన కాలము కూడ ఇంచుమించుగా అదే. ఆ ఓడలో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసె దు ఎస్పిరితు శాంతు అను ముగ్గురు వడ్రంగులు ఉండిరి. తోటపని గడువు తీరిన పిమ్మట వారు హొనొలులులో, తమ దేశపు మచేతె, రజావు అను చిన్న వాద్యముల పోలికతో క్రొత్త వాద్యమును చేయసాగిరి. 1874 నుండి 1891 వరకు హవాయిని పాలించిన కలాకౌవా రాజు ఈ వాద్యమును ఆదరించెను. హవాయి భాషలో ‘ఉకు’ అనగా నల్లి వంటి చిన్న పురుగు, ‘లెలె’ అనగా ఎగురుట. తీగలపై చకచక గంతులు వేయు వ్రేళ్ళను చూచి ఈ పేరు పెట్టిరని చెప్పుదురు.

1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనము వలన ఈ వాద్యము అమెరికా అంతట వ్యాపించినది. మొదట ఉండినది సొప్రానో అను చిన్న రకమే. దాని నాదము సన్నగా ఉండుటచే, కచేరీలలో ఎక్కువ గంభీరముగా పలుకుటకు కాన్సర్టు, టెనర్, బారిటోన్ అను పెద్ద రకములు తరువాత వచ్చినవి. టెనర్‌లో మేరువు నుండి బ్రిడ్జి వరకు తీగ పొడవు సుమారు 17 అంగుళములు, అనగా 432 మిల్లీమీటర్లు. సొప్రానోలో ఇది 13 అంగుళములకు కొంచెము ఎక్కువగను, కాన్సర్టులో 15 అంగుళముల ప్రాంతమునను ఉండును. నేటి ప్రసిద్ధ వాదకుడు జేక్ షిమాబుకురో వాయించునది టెనర్ రకమే.

తీగ చెప్పు సంగతి

యుకులేలీ తీగలను సాధారణముగా జి, సి, ఇ, ఏ అను స్వరములకు శ్రుతి చేయుదురు. సి ని షడ్జముగా తీసికొన్నచో ఇవి మన ప, స, గ, ద స్వరములగును. వీని పౌనఃపున్యములు వరుసగా 392, 262, 330, 440 హెర్ట్జ్‌లు. మొదటనున్న జి తీగ మందరము కాక హెచ్చు స్థాయిలో ఉండుట ఈ వాద్యము ప్రత్యేకత. కొందరు టెనర్‌పై దానిని ఒక స్థాయి దించి 196 హెర్ట్జ్‌లకు కూర్చుకొందురు.

సాగదీసిన తీగ పౌనఃపున్యము మూడింటిపై ఆధారపడును: తీగ పొడవు, తన్యత, ఏకాంక పొడవునకు గల ద్రవ్యరాశి. పొడవు రెట్టింపైన పౌనఃపున్యము సగమగును. తన్యత నాలుగు రెట్లయిన రెట్టింపగును. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మెర్సెన్ కనుగొన్న ఈ సూత్రము ప్రయోగశాలలోని సోనామీటరుకు ఎంత వర్తించునో యుకులేలీకి అంతే వర్తించును. 0.9 మి.మీ. వ్యాసము గల నైలాను తీగను 432 మి.మీ. పొడవున సి స్వరమునకు బిగింపవలెనన్న సుమారు 3.8 కిలోగ్రాముల బరువు వ్రేలాడదీసినంత తన్యత కావలెను. విద్యార్థులు నైలాను సాంద్రతను ఘనసెంటీమీటరునకు 1.14 గ్రాములుగా తీసికొని ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును.

ఈ లెక్క వలన ఒక ముఖ్య విషయము తెలియుచున్నది. అదే స్వరమునకు టెనర్ తీగ సొప్రానో తీగకన్న పొడవైనది కాబట్టి, ఒకే రకపు తీగ వేసినప్పుడు టెనర్‌లో తన్యత హెచ్చుగా ఉండును. అందుచే ముఖపలకను కదలించు బలము పెరుగును. వ్రేలికి తగులు ఎదురుబలము కూడ పెరుగును. నాదములోని నిండుదనమునకు వాదకుడు చెల్లించు వెల ఇదియే.

ఇప్పుడు ఫ్లోరోకార్బన్ అను పదార్థముతో చేసిన తీగలు కూడ వాడుకలో ఉన్నవి. వీని సాంద్రత 1.78 ప్రాంతమున ఉండుటచే, అదే తన్యతకు నైలానుకన్న తీగ అయిదవ వంతు సన్నగా ఉన్న చాలును. సన్నని తీగ సులభముగా వంగును. హెచ్చు అనుస్వరములు అందు ఎక్కువసేపు నిలుచును. నాదము తేటగా వినిపించును. కాబట్టి రెండు వాద్యములను పోల్చునపుడు రెండింటికిని ఒకే రకపు తీగలు ఉన్నవో లేవో మొదట చూడవలెను. లేకున్నచో మనము పోల్చుచున్నది వాద్యములను కాదు, తీగలను.

మీటు చోటు కూడ ముఖ్యమే. తీగను సరిగా మధ్యను మీటినచో రెండవ, నాలుగవ అనుస్వరములు పుట్టవు. ఏలయన మీటిన చోటు వానికి అస్పందన స్థానము. ఈ నియమమును థామస్ యంగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చెప్పెను. బ్రిడ్జికి దగ్గరగా మీటినకొలది హెచ్చు అనుస్వరములు పెరిగి నాదము కరకుగా మారును. పరీక్షించునపుడు ప్రతి వాద్యమును ఒకే చోట, ఒకే బలముతో మీటవలెను. మెడ పెట్టెతో కలియు చోటు అందులకు అనుకూలము.

పెట్టె చేయు పని

తీగ ఒంటరిగా చేయు ధ్వని మిక్కిలి స్వల్పము. సన్నని తీగ గాలిని చీల్చుకొని పోవునే గాని దానిని నెట్టలేదు. తీగ కదలికను బ్రిడ్జి ముఖపలకకు అందించును. విశాలమైన పలక గాలిని నెట్టును. కనుక వాద్యపు హృదయము ముఖపలకయే. అది సుమారు 2 మి.మీ. మందము మాత్రమే ఉండును. పలక బిగువు మందము యొక్క ఘనమును అనుసరించి మారును. పలకను పదవ వంతు పలుచన చేసిన బరువు పదవ వంతే తగ్గును గాని, బిగువు నాలుగవ వంతుకన్న ఎక్కువగా తగ్గును. అందుచే చిత్రిక పట్టువాని చేతిలో ఒక్క పొర హెచ్చుతగ్గులు నాదమును మార్చివేయును. మరీ పలుచనైన పలక నాలుగు తీగల లాగుడుకు కొంత కాలమునకు ఉబ్బి వంకర తిరుగును.

హవాయిలో ఈ వాద్యమునకు సంప్రదాయముగా వాడు కర్ర కోవా. ఇది తుమ్మ కుటుంబమునకు చెందిన వృక్షము; సహజముగా ఆ దీవులలోనే పెరుగును. స్ప్రూస్ కర్ర తేలికయై బిగువుగా ఉండుటచే అనేకులు ముఖపలకకు దానిని వాడుదురు. మన బొబ్బిలి వీణకు పనస కర్ర ఎట్లో కోవా యుకులేలీకి అట్లు. అయితే కర్ర పేరు విని నాదమును ఊహించుట సరికాదు. ఒకే చెట్టునుండి వచ్చిన రెండు పలకలు కూడ సాంద్రతలోను, బిగువులోను భేదించును.

పెట్టెలోని గాలికి కూడ ఒక స్వరము ఉన్నది. ఖాళీ సీసా మూతిపై ఊదినపుడు వచ్చు ధ్వని వంటిదే అది. పెట్టె పరిమాణము పెరిగినకొలది ఆ స్వరము దిగును. ధ్వని రంధ్రము పెద్దదయినకొలది హెచ్చును. దీనిని తెలిసికొనుటకు సులభమైన ఉపాయమున్నది. తీగలను అరచేతితో అణచి, ధ్వని రంధ్రము వద్ద నోరుంచి, క్రింది స్వరము నుండి మెల్లగా పైకి కూనిరాగము తీయవలెను. ఒక స్వరము వద్ద పెట్టె చేతిలో జలదరించును. అదే గాలి యొక్క అనునాద స్వరము. ఈ స్వరము వాయించు స్వరములలో ఒకదానితో సరిగా కలిసినచో ఆ స్వరము మాత్రము గుప్పున పలికి వెంటనే ఆరిపోవును. మందర జి తీగ వేసిన టెనర్‌లలో ఈ లోపము కొన్నిట కనబడును. అందుచే ప్రతి తీగపైన ప్రతి మెట్టును వరుసగా మీటి, ఏ స్వరమైన మిగిలినవాని కన్న ఉబ్బెత్తుగానో, మూగగానో ఉన్నదేమో వినవలెను. ఒక మధుర స్వరము కన్న సమముగా పలుకు స్వరముల వరుస మేలు.

బిగ్గరతనమా, నిలుకడయా?

అంగడిలో కొనువారు సాధారణముగా రెండు కోరుదురు: వాద్యము బిగ్గరగా పలుకవలెను, మీటిన స్వరము చాలసేపు నిలువవలెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధులు. మీటునపుడు వ్రేలు తీగకిచ్చిన శక్తి పరిమితము. ముఖపలక ఆ శక్తిని త్వరగా తీసికొన్నచో ధ్వని బిగ్గరగా ఉండి త్వరగా ముగియును. మెల్లగా తీసికొన్నచో ధ్వని మెత్తగా ఉండి చాలసేపు నిలుచును. నెల జీతమును మొదటి వారములోనే ఖర్చు చేయుటయు, పొదుపుగా వాడుకొనుటయు వంటిది ఇది.

మంచి వాద్యములో శక్తి వృథాగా పోవుట తక్కువగా ఉండును. బ్రిడ్జి సరిగా అతుకుకొననిచోట, మెడ కీలు వదులైనచోట, పాత తీగలలో శక్తి ధ్వనిగా మారక వేడిగా మారిపోవును. రెండు వాద్యములను పోల్చుటకు ఒక్కొక్క తీగను మీటి, ధ్వని వినబడుట ఆగువరకు గడియారము చూచి క్షణములను లెక్కింపవచ్చును. తరువాత అదే పరీక్షను 7వ మెట్టు వద్దను, 12వ మెట్టు వద్దను చేయవలెను. తీగ కురుచయగుటచే పై మెట్ల వద్ద నిలుకడ తగ్గుట సహజము. కాని కొయ్యముక్కను తట్టినట్లు ‘టక్’ మని ఆగిపోయినచో అది లోపమే.

అంతేకాదు, ఏది కావలెనను విషయము వాయించు విధమునుబట్టి ఉండును. పాటకు తాళముగా నాలుగు తీగలను ఒక్కసారి మీటువానికి త్వరగా పలికి త్వరగా తొలగు నాదము అనుకూలము. స్వరములు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగము కావు. ఒక్కొక్క తీగపై రాగమును పలికించువానికి నిలుకడ కావలెను. కాబట్టి “ఏది మంచి వాద్యము?” అని గాక, “ఏ పనికి మంచి వాద్యము?” అని అడుగుట న్యాయము.

మెట్లు, శ్రుతి శుద్ధి

వీణపై మెట్లను మైనములో అమర్చుదురు. శ్రుతి తప్పినచో నిపుణుడు మైనమును మెత్తబరచి మేళమును తిరిగి కట్టగలడు. యుకులేలీ మెట్లు కర్రలో శాశ్వతముగా దిగగొట్టినవి. కనుక ఇక్కడ తప్పు జరిగినచో దిద్దుట కష్టము.

ఒక స్థాయిని 12 సమాన భాగములు చేసి మెట్లను అమర్చుదురు. ప్రతి మెట్టుకు పౌనఃపున్యము 1.0595 రెట్లు పెరుగును. 432 మి.మీ. తీగకు మేరువు నుండి 1వ మెట్టు 24.2 మి.మీ. దూరమునను, 5వది 108.4, 7వది 143.7, 12వది సరిగా సగమున, అనగా 216 మి.మీ. దూరమునను ఉండవలెను. సన్నని గీతలు గల స్కేలుతో వీనిని కొలిచి చూడవచ్చును.

అయితే మెట్లన్నియు సరియైన చోటనే ఉన్నను శ్రుతి తప్పుటకు మరియొక కారణమున్నది. తీగను మెట్టుకు తాకునట్లు నొక్కినపుడు అది కొంచెము సాగును. తన్యత పెరిగి స్వరము హెచ్చును. 12వ మెట్టు వద్ద తీగ 3 మి.మీ. ఎత్తున ఉన్నచో నొక్కినపుడు సుమారు 0.04 మి.మీ. సాగును. ఎత్తు 6 మి.మీ. అయినచో సాగుట రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును, సుమారు 0.17 మి.మీ. ఇది పైథాగరస్ సిద్ధాంతము నుండి వెలువడు ఫలితము. అందుచే చేతివృత్తి వారు బ్రిడ్జిపైనున్న ఎముక పలకను లెక్కప్రకారము ఉండవలసిన చోటుకన్న కొంచెము వెనుకకు జరిపి, పెరిగిన స్వరమును సరిచేయుదురు.

పరీక్ష ఇట్లు చేయవలెను. 12వ మెట్టు పైన తీగను నొక్కక వ్రేలితో తేలికగా తాకి మీటి వెంటనే వ్రేలు తీయవలెను. గంట వంటి స్వరము వచ్చును. అది తీగ యొక్క రెండవ అనుస్వరము. తరువాత అక్కడనే నొక్కి మీటవలెను. రెండును ఒకే స్వరము కావలెను. నొక్కిన స్వరము హెచ్చుగా ఉన్నచో ఎముక పలక ముందుకు వచ్చినదనియో, తీగ ఎత్తుగా ఉన్నదనియో అర్థము. 12వ మెట్టు వద్ద సరిగా ఉండి 1, 2, 3 మెట్ల వద్ద మాత్రము స్వరము హెచ్చినచో దోషము మేరువుది. ఒక తీగ మాత్రమే తప్పుచున్నచో ముందుగా ఆ తీగను మార్చి చూడవలెను. పాతబడి కొన్నిచోట్ల సన్నగిల్లిన తీగ ఏ వాద్యముపైనను నిజము చెప్పదు.

విస్పందనములను గూర్చి చదువు విద్యార్థులకు ఇంకొక పరీక్ష ఉపకరించును. ఇ తీగను 5వ మెట్టు వద్ద నొక్కినచో ఏ స్వరము రావలెను. దానిని, ఖాళీ ఏ తీగను కలిపి మీటవలెను. ఒకటి 440, రెండవది 442 హెర్ట్జ్‌లు అయినచో ధ్వని క్షణమునకు రెండుమార్లు ఉబ్బి తగ్గును. ఈ అలలు ఎంత మెల్లగా ఉన్న శ్రుతి అంత దగ్గరగా ఉన్నట్లు. సి తీగను 4వ మెట్టు వద్ద నొక్కి ఇ తీగతో ఇట్లే పోల్చవచ్చును. మొబైలు ఫోనులోని శ్రుతిమాపకముతో కూడ సరిచూచుకొనవచ్చును గాని, చెవిని సాధన చేయించుటకు విస్పందనములే మేలైన గురువులు.

చేతికి అనుకూలత

వాయించుటలోని సౌలభ్యము చాలవరకు మూడు ఎత్తులపై ఆధారపడును: మేరువు వద్ద తీగ ఎత్తు, 12వ మెట్టు వద్ద ఎత్తు, మెడ వంపు.

12వ మెట్టు వద్ద తీగ ఎత్తు రెండున్నర మొదలు 3 మి.మీ. వరకు ఉండుట వాడుక. అంతకన్న చాల తక్కువైన తీగ మెట్లకు తగిలి జీరవోవును. ఎక్కువైన నొక్కుట కష్టము. ఎత్తును తగ్గించుటకు ఎముక పలక అడుగును అరగదీయుదురు. 12వ మెట్టు తీగకు సరిగా నడుమ ఉండుటచే, అక్కడ 1 మి.మీ. తగ్గవలెనన్న పలకను 2 మి.మీ. అరగదీయవలెను. సరూప త్రిభుజముల పాఠము ఇక్కడ అక్షరాల అక్కరకు వచ్చును. కాబట్టి కొనుటకు ముందు ఎముక పలక అరగదీయుటకు చాలినంత ఎత్తుగా ఉన్నదో లేదో చూచుకొనవలెను.

నేర్చుకొనువారిని ఎక్కువగా బాధించునది మేరువు. మొదటి మెట్టు మేరువుకు 24 మి.మీ. దూరములోనే ఉన్నది, ఆ కొద్ది పొడవులో తీగను వంచుటకు హెచ్చు బలము కావలెను. ముందు చెప్పిన 3.8 కిలోల తన్యత గల తీగ మొదటి మెట్టుకన్న 1 మి.మీ. ఎత్తున ఉన్నచో, దానిని మెట్టుకు తాకించుటకే సుమారు 165 గ్రాముల బరువుతో నొక్కవలెను. ఎత్తు 0.4 మి.మీ. అయినచో 65 గ్రాములు చాలును. 12వ మెట్టు వద్ద 3 మి.మీ. ఎత్తున్నను 105 గ్రాములే చాలును. అనగా అంగడిలో నడిమి మెట్లమీద హాయిగా వాయించి తృప్తిపడినవాడు మోసపోవుటకు అవకాశమున్నది. శ్రుతి విషయములోను ఇంతే. ఒకే 1 మి.మీ. ఎత్తు 12వ మెట్టుకన్న మొదటి మెట్టు వద్ద తీగను ఇంచుమించు అయిదు రెట్లు ఎక్కువగా సాగదీయును.

దీనిని కనిపెట్టుటకు తీగను 2, 3 మెట్ల నడుమ నొక్కి, మొదటి మెట్టు పైన ఎంత సందు మిగిలినదో చూడవలెను. పలుచని కాగితము పట్టునంత సందు ఉన్నచో మేరువు సరిగా ఉన్నట్లు. సందే లేక తీగ మెట్టుపై ఆనుకొన్నచో ఖాళీ తీగ జీరవోవును. మెడ వంపును చూచుటకు తీగను మొదటి మెట్టు వద్దను, మెడ పెట్టెతో కలియు చోటను ఒకేసారి నొక్కి నడుమ సందు చూడవలెను. అక్కడను కాగితమంత సందు ఉండుట మేలు. మెడ వెనుకకు వంగినచో క్రింది మెట్లన్నియు జీరవోవును. ఒక్క స్వరము మాత్రమే జీరవోయినచో దాని తరువాతి మెట్టు ఎత్తుగా లేచియున్నదని తెలిసికొనవలెను.

ఇచ్చట ఒక విశేషము. యుకులేలీలో జీర దోషము. మన తంబురాలో అదే ప్రాణము. తంబురా బ్రిడ్జి వెడల్పై వంపు తిరిగి, తీగ దానికి ఒరసికొనుచు పలుకును. నూలుపోగుతో ఆ ఒరపును సరిచేయుదురు. తంబురా, వీణల బ్రిడ్జి వలన, మీటిన చోట అస్పందనము గల అనుస్వరములు కూడ వినబడునని సర్ సి. వి. రామన్ 1920 తరువాతి సంవత్సరములలో చూపెను. ఒక వాద్యమునకు గుణమైనది మరియొకదానికి దోషమగుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

మేరువు వద్ద మెడ వెడల్పు కూడ చూడవలెను. సుమారు 35 నుండి 38 మి.మీ. వరకు ఉండును. పెద్ద వ్రేళ్ళవారికి ఆ మూడు మిల్లీమీటర్ల తేడా స్పష్టముగా తెలియును. మెడ అంచుపై అరచేతిని పోనిచ్చి చూచినపుడు మెట్ల కొసలు గీచుకొనరాదు. బిరడలను త్రిప్పునపుడు శ్రుతి మెల్లగా, అతుకులు లేకుండ మారవలెను. త్రిప్పి వదలిన పిదప వెనుకకు జారరాదు.

గాలిలోని తేమ

కర్ర తేమను పీల్చుకొని ఉబ్బును, తేమ పోగా ముడుచుకొనును. ఈ మార్పు కర్ర చారల వెంబడి అతి స్వల్పము. చారలకు అడ్డముగా ఎక్కువ. వానకాలమున ముఖపలక ఉబ్బి తీగల ఎత్తు పెరుగును. ఎండకాలమున మెట్ల పలక ముడుచుకొనగా, ముడుచుకొనని లోహపు మెట్ల కొసలు బయటికి పొడుచుకొని వచ్చును. తేమ మరీ తగ్గినచో పలక పగులును. సాపేక్ష ఆర్ద్రత నూటికి 45 నుండి 55 వరకు ఉండుట వాద్యమునకు క్షేమము. విశాఖ తీరపు గాలికి అలవడిన వాద్యము అనంతపురపు వేసవిలో పెట్టెలోనే ఉండవలెను.

ముఖపలక ఒకే కర్రతో చేసినదా, పలుచని పొరలు అతికించినదా అని ధ్వని రంధ్రపు అంచును చూచి తెలిసికొనవచ్చును. పైని కనబడు చారలు అంచులో క్రిందివరకు సాగినచో ఒకే కర్ర. అంచులో పొరలు పొరలుగా కనబడినచో అతికించినది. ఒకే కర్ర పలక సాధారణముగా ఎక్కువ స్పందించును. అతికించిన పలకలో పొరల చారలు ఒకదానికొకటి అడ్డముగా ఉండుటచే ఎండవానలకు తట్టుకొనును. అనేకుల చేతులు మారు పాఠశాల వాద్యమునకు ఈ రెండవదే తగినది కావచ్చును.

కంటిని ఎంత నమ్మవచ్చును?

వెల హెచ్చినకొలది నాదము హెచ్చునని మనసు ముందే నిశ్చయించుకొనును; చెవి దానికి తాన తందాన అనును. బ్రిటనులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కొందరు, వెనుక పలక, ప్రక్క పలకల కర్ర తప్ప మిగిలిన అన్నిట ఒకే తీరుగనున్న ఆరు గిటార్లను చేయించి, 52 మంది వాదకులచే పరీక్షింపజేసిరి. గదిలో వెలుతురు తగ్గించి, వెల్డింగు పనివారు ధరించు నల్ల అద్దములు పెట్టించిరి. 2018లో ప్రకటించిన ఫలితము ఏమనగా, ఖరీదైన కర్రకును, చవుక కర్రకును వాదకులు ఇచ్చిన మార్కులలో చెప్పుకొనదగిన భేదము లేదు. దీనిని బట్టి వాద్యములన్నియు ఒకటేయని అనుకొనరాదు. ఆ ప్రయోగమున ముఖపలకలను, పనితనమును సమానముగా ఉంచిరి. నాదమును మార్చునవి అవియే.

ఇట్టి ప్రయోగమును తరగతిలో చేయవచ్చును. రెండు యుకులేలీలకు ఒకే తీగలు వేసి, ఒకే శ్రుతి చేసి, వాయించువానిని తెర వెనుక కూర్చుండబెట్టవలెను. వినువాడు మూడు, నాలుగు మీటర్ల దూరమున ఉండవలెను. ఏలయన ధ్వని ముందుకు పోవును గాని వాయించువాని చెవికి సరిగా చేరదు. రెండింటిలో ఏది ముందు వాయింపవలెనో నాణెము ఎగురవేసి నిర్ణయింపవలెను. ముందు వాయించినది ఏదో వినువాడు చెప్పవలెను. ఇట్లు 20 మార్లు చేయవలెను. ఏమియు తెలియక ఊహించువానికి సగటున 10 సరిపోవును. 15గాని అంతకన్న ఎక్కువగాని సరిపోవుటకు, కేవలము అదృష్టము వలన అయినచో, నూటికి రెండు పాళ్ళే అవకాశమున్నది. కాబట్టి 15 సరిగా చెప్పినవానికి భేదము నిజముగా వినబడుచున్నదని నమ్మవచ్చును. మీటు బలము సమానముగా ఉండునట్లు జాగ్రత్తపడవలెను. కొంచెము బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవి పొరబడును.

పరీక్షా క్రమము

పై విషయములను దృష్టిలో ఉంచుకొని వాద్యమును ఈ వరుసలో చూచుట మంచిది. మొదట కంటితో: పగుళ్ళు, బ్రిడ్జి అతుకు, మెడ వంపు, మెట్ల కొసలు. పిదప స్కేలుతో, కాగితముతో: మేరువు, 12వ మెట్టు ఎత్తులు. తరువాత శ్రుతి చేసి 12వ మెట్టు పరీక్ష, విస్పందనముల పరీక్ష. ఆ తరువాత ప్రతి మెట్టును వరుసగా మీటి జీరను, మూగ స్వరములను కనిపెట్టవలెను. మొదటి రెండు మెట్ల మీద నొక్కవలసిన ఎఫ్ స్వరసమూహమును అయిదు నిమిషములు విడువక పట్టి చూచినచో చేతి సుఖము తెలియును. కడపట, ఇంకొకరిచే వాయింపజేసి కన్నులు మూసికొని నాదమును వినవలెను.

నాదమును చివర ఉంచుటకు కారణమున్నది. మెట్ల దూరము తప్పినచో దిద్దరాదు. పలక పగిలినచో అతికించుట వ్యయప్రయాసల పని. మేరువును, ఎముక పలకను అరగంటలో సరిచేయవచ్చును. తీగలను స్వల్ప ఖర్చుతో మార్చవచ్చును. దిద్దరాని దోషము లేని వాద్యములను ముందుగా ఏరుకొని, వానిలో చెవికి నచ్చినదానిని ఎన్నుకొనుట తెలివి. ఇట్లు చేసినచో పైన పటారము, లోన లొటారము అయిన వాద్యము మన ఇంటికి రాదు.

కొలతలు ఎన్ని తీసినను కడపటి తీర్పు చెవిదే. కాని చెవి తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యమును సరిగా విచారించునది శాస్త్రము. చిన్నపిల్లవాని చేతికి సుఖముగా అమరి, శ్రుతి శుద్ధముగా పలుకు సామాన్య వాద్యము, నొక్కలేని ఖరీదైన వాద్యముకన్న అతనిని సంగీతమునకు ఎక్కువ దగ్గర చేయును. పాఠశాలకు వాద్యములు కొను ఉపాధ్యాయులు స్కేలును, ఒక కాగితపు ముక్కను జేబులో వేసికొని పోవుట మరువరాదు.